లంకలో ఇల్లు: వరద రోజులకి నిలవ తిండి ఏం పెట్టుకోవాలి?

లంక_కోడలు
మాది పి.గన్నవరం దగ్గర లంక, గోదారి పాయల మధ్య ఊరు. జూలై, ఆగస్టు వచ్చాయంటే కాజ్‌వే మునిగిపోతుంది, పడవే గతి. 2022 జూలైలో అయితే వారం పైనే డాబా మీద కాపురం. అప్పటినుంచి ఇంట్లో పాడవని తిండి కొంత విడిగా పెట్టుకోవాలని నా పట్టుదల. ఆన్‌లైన్‌లో చూస్తే ఎమర్జెన్సీ ఫుడ్ కిట్ అని వేలకి వేలు చెప్తున్నారు. పాతికేళ్ళు పాడవదట. మా అత్తగారేమో "జాడీలో ఆవకాయ, గాదెలో ధాన్యం ఉండగా డబ్బాలో కూడు కొంటావా, ఊళ్ళో వింటే నవ్వుతారు" అంటున్నారు. మా ఆయన ఏ పక్కా మాట్లాడరు.
ఇంట్లో ఆరుగురం. మామగారికి షుగరు, ఇన్సులిన్ వాడతారు. బాబుకి రెండో ఏడు నడుస్తోంది. పైన ఒక శ్లాబు గది, అందులో చిన్న అటక ఉంది. ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, పురుగు పట్టకుండా ఎలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. ఉపన్యాసాలు వద్దు.

భీమవరం_బుల్లోడు
పాతికేళ్ళు పాడవని తిండా? మా హాస్టల్ ఇడ్లీ పార్సిల్ చేయించమంటారా?

గోదారి_గాలి
పది నిమిషాల్లో సరుకులు గుమ్మంలోకి వచ్చే రోజులివి. ఇంకా ఈ నిలవల గోలేంటండి?

లంక_కోడలు
మా గుమ్మంలోకి రావాలంటే డెలివరీ అబ్బాయికి ఈత వచ్చుండాలి.

భీమవరం_బుల్లోడు
టిప్పు కూడా గట్టిగా ఇవ్వాలి.

వశిష్ఠ_గట్టు
అమ్మాయ్, ఏం పెట్టాలన్నది తర్వాత. ఎన్నాళ్ళకి పెట్టాలన్నది ముందు తేల్చుకో. లంకలో వరద చెప్పి వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు ధవళేశ్వరం చేరడానికి ఒక రోజు అటూ ఇటూగా పడుతుంది. ఇక్కడ బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటిది, అంటే 10 లక్షల క్యూసెక్కులు. 13.75కి రెండోది, 13 లక్షలు. 17.75కి మూడోది, 17 లక్షలు. నువ్వు చెప్పిన 2022లో 25 లక్షలు దాటి వదిలారు. భద్రాచలంలో ఆ ఏడు 71.3 అడుగులు. 1986 ఆగస్టులో 75.6. ఆ నీరు చూసినవాళ్ళకి 2022 కూడా చిన్నదే.
ఎక్కడం తొందరగానే ఎక్కుతుంది, దిగడమే కష్టం. అమావాస్యో పౌర్ణమో కలిసొచ్చిందా, సముద్రం పోటు మీద ఉండి వరద నీటిని లోపలికి తీసుకోదు. నీరు ఎక్కడిదక్కడ నిలబడిపోతుంది. అందుకే వారం కాదు, పది రోజులకి లెక్క వేసుకో. అంతకు మించి అక్కర్లేదు, ఈలోపు ఏదో ఒక పడవ వస్తుంది. పాతికేళ్ళ లెక్కలు మనవి కావు.

డల్లాస్_అల్లుడు
ఆ పాతికేళ్ళ బకెట్లు మా గరాజ్‌లో ఉన్నాయి కాబట్టి నేను చెప్తాను. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు పడి, కరెంటు పోయి, కుళాయిలు గడ్డకట్టిన తర్వాత మా వీధిలో అందరూ కొన్నారు.
అది ఫ్రీజ్ డ్రైడ్ తిండి. వండినదాన్ని గడ్డకట్టించి, గాలి తీసేసిన పెట్టెలో పెడితే ఆ మంచు నీరవకుండానే ఆవిరైపోతుంది. మిగిలేది బెండు ముక్కలాగా తేలిగ్గా ఉంటుంది. వేడినీళ్ళు పోస్తే మళ్ళీ కూర అవుతుంది. ఎలా ఉంటుందంటారా, ఆకలేస్తే తింటాం.
కొనేముందు చూసుకోండి. మంచినీళ్ళు, పొయ్యి లేకపోతే అది పనికిరాదు, వరదలో కరువయ్యేవి సరిగ్గా ఆ రెండే. పెట్టె మీద ఇన్ని సర్వింగులని పెద్ద అంకె వేస్తారు, ఒక్కో సర్వింగు మన లెక్కలో నాలుగు ముద్దలు. కేలరీలు చూసి కొనాలి. ఇక ఆ పాతికేళ్ళ మాట చల్లగా, పొడిగా ఉండే గదికి. మే నెలలో మీ అటక మీద వేడికి ఆ లెక్క నడవదు. ఇక్కడ మోర్మన్లని ఒక క్రైస్తవ శాఖ ఉంది, ఏడాది తిండి ఇంట్లో దాచుకోవడం వాళ్ళ అలవాటు. వాళ్ళు కూడా ఎక్కువగా దాచేది గోధుమలు, బియ్యం, చిక్కుడు గింజలు, పాలపొడే. మీ అత్తగారికి ఈ మాట చెప్పకండి, మీ మీద గెలిచేస్తారు.

లంక_కోడలు
ఆవిడ నా పక్కనే కూర్చుని చదివించుకుంటున్నారండి. గెలిచేశారు.

అంబాజీపేట_కాయ
అటక మాట వచ్చింది కాబట్టి. ముదురు కొబ్బరికాయలు డొక్క ఒలవకుండా అటక మీద పేర్చి ఎనిమిది, పది నెలలు కదపకుండా వదిలేయండి. లోపలి నీళ్ళు ఇంకిపోయి గుడ్డు చిప్ప నుంచి విడిపోతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గుడుగుడుమని కొట్టుకుంటుంది, అప్పుడు కురిడీ అయినట్టు. మా మార్కెట్‌లో కురిడీకి వేరే రేటు. ఎండు కొబ్బరిలో మూడింట రెండు వంతులు నూనే, కాబట్టి రెండు ముక్కలు బెల్లంతో నమిలితే పూట గడిచిపోతుంది. వండక్కర్లేదు, తడపక్కర్లేదు. ఒలిచిన డొక్క, చిప్పలు పొయ్యిలోకి పనికొస్తాయి.
మొదటి హెచ్చరిక రాగానే నాలుగు గెలల కొబ్బరి బోండాలు దింపించి పైగదిలో పెట్టుకోండి. నీళ్ళు వచ్చాక చెట్టెక్కేవాడు దొరకడు.

గోదారి_గాలి
వరదలో కూర్చుని బోండాలు తాగడం. హనీమూన్ ప్యాకేజీ లాగుంది ఆయ్.

పెద్దమ్మ_వంటిల్లు
అందరూ బియ్యం, పప్పు గురించే చెప్తారు. మొదటి రెండు రోజులూ పొయ్యి వెలగదమ్మా. సామాను పైకి చేరెయ్యడం, పశువుల్ని ఏటిగట్టు మీదకి తోలడం, ముసలాళ్ళని మేడెక్కించడంతోనే సరిపోతుంది. ఆ రెండు రోజులకి పొయ్యి అక్కర్లేనివి పైన ఉండాలి. అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, వేరుశనగ గుళ్ళు, బెల్లం, జంతికలు. పేలపిండి ఉంటే పిల్లాడికి మంచిది, కాచిన నీళ్ళలో కాస్త బెల్లం వేసి కలిపి పెట్టు. సున్నుండలు నెల దాకా ఉంటాయి, జూలై పుట్టగానే చేసుకో. ఆత్రేయపురం మామిడితాండ్ర ఏడాదంతా ఉంటుంది.
మూడో రోజు నుంచి గంజి వార్చని అన్నం, అదే అత్తెసరు. నీళ్ళు కలిసొస్తాయి, గ్యాసు కలిసొస్తుంది. అందులోకి కందిపొడి, ఊరమిరపకాయలు, గుమ్మడి వడియాలు, చింతకాయ పచ్చడి. వడియాలకి నూనె బాగా ఖర్చవుతుంది, కాబట్టి ఎండలున్నప్పుడే వేయించి బిగుతు డబ్బాలో పోసుకో.

భీమవరం_బుల్లోడు
ఆత్రేయపురం అన్నారు, పూతరేకులు మర్చిపోయారు పెద్దమ్మా.

పెద్దమ్మ_వంటిల్లు
ముసురులో పూతరేకు గంట ఆగదు నాయనా. అది వరదకి ముందే తినెయ్యాలి.

నరసాపురం_లేసు
ఎండుచేపల మాట ఎవరూ ఎత్తరేంటి? నెత్తళ్ళు, ఎండు రొయ్యపప్పు. తల తీసి, ఎండలో మళ్ళీ ఒకసారి కరకరలాడేట్టు ఎండబెట్టి, మూత బిగించిన డబ్బాలో పెడితే వానాకాలం అంతా ఉంటాయి. గుప్పెడు రొయ్యపప్పు, చింతపండు పులుసు ఉంటే ఇంకేం కావాలి.

గోదారి_గాలి
అందరూ ఒకే పైగదిలో పడుకునేటప్పుడు ఎండుచేపల డబ్బా మూత తీస్తే వరదలోకే దూకేస్తారు.

కొట్టు_సత్తి
కిరాణా కొట్టు నడుపుతాను కాబట్టి నిలవ సంగతి నా సబ్జెక్టు. కొంచెం పొడుగవుతుంది.
మనకి శత్రువు తేమ, ఎండ కాదు. పాత బియ్యం కొనండి. గింజ కొరికితే టక్‌మని విరగాలి, నలిగిందంటే తేమ ఉన్నట్టు. తేమ 14 శాతం దాటితే బూజు ఖాయం. ఆరబెట్టాలనుకుంటే నీడపట్టున పల్చగా పొయ్యండి, మండుటెండలో పోస్తే గింజ బీటలిచ్చి అన్నం వండేసరికి నూకలైపోతుంది.
ముక్కపురుగు ఎక్కడినుంచో ఎగిరొస్తుందని అనుకుంటారు. ఆడపురుగు గింజకి కన్నం పెట్టి లోపల గుడ్డు పెట్టి మూసేస్తుంది. పిల్ల లోపలే తిని పెరిగి బయటికి వస్తుంది. అందుకే సీలు వేసిన డబ్బాలో కూడా పుడుతుంది. వేపాకు, ఎండుమిరపకాయలు వేస్తే కొత్తవి దగ్గరికి రావడం తగ్గుతుందేమో గానీ లోపలున్నవి చావవు. ఫ్రిజ్ ఉన్నవాళ్ళు కొద్దికొద్దిగా డీప్ ఫ్రీజర్‌లో నాలుగైదు రోజులు పెట్టి తీసి, తడి పూర్తిగా ఆరాక డబ్బాకెత్తితే అవి కూడా పోతాయి.
కందిపప్పు ఎండలో పోసి, చేతికి ఆముదం రాసుకుని పట్టించండి. బొంబాయి రవ్వ దోరగా వేయించి పెట్టండి. గోధుమపిండి, శనగపిండి నిలవకి వద్దు, రెండు నెలలకి మించి నమ్మకండి. బెల్లం ముసురుకి నీరుకారుతుంది, జాడీలోనో సీసాలోనో పెట్టండి. నూనె పొట్లాలు ఎలకలు కొరికేస్తాయి, డబ్బా తీసుకోండి. ఉప్పుకి ఎక్స్‌పైరీ లేదు, తడి తగలకపోతే చాలు.
అన్నిటికన్నా పెద్ద మాట. విడిగా పెట్టిన సరుకుని దేవుడి ప్రసాదంలా ముట్టకుండా దాచకండి. నెలనెలా పాతది కిందకి దించి వండుకోండి, కొత్తది పైన పెట్టండి. అప్పుడు ఏదీ పాతబడదు, ఖర్చు కూడా కొత్తగా ఏమీ ఉండదు.

మస్కట్_సూర్యం
బస్తాకి కాస్త బోరిక్ పౌడర్ కలిపితే పురుగు రాదు కదా. మా ఇళ్ళల్లో అదే అలవాటు.

గోదారి_గాలి
అంతకంటే తేలిక, గోదాముల్లో పెట్టే మాత్ర. బస్తాకి ఒకటి పడేస్తే పురుగన్నది ఉండదు.

పీహెచ్‌సీ_సిస్టర్
గోదారి_గాలి గారూ, ఆ పోస్టు తీసెయ్యండి. దయచేసి. ఆ మాత్ర అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. గోదాములో మనుషులు ఉండరు, తలుపులు మూసి సీలు వేసి, తర్వాత గాలి ఆడనిచ్చి తీస్తారు. శిక్షణ ఉన్నవాళ్ళు తప్ప వాడకూడదు, మామూలుగా అమ్మకూడదు కూడా. వీళ్ళు పడుకునేది కూడా ఆ పైగదిలోనే, అదీ ముసురులో, కిటికీలు మూసుకుని. కుటుంబానికి కుటుంబమే పోతుంది.
సూర్యం గారూ, బోరిక్ పౌడర్ కూడా తినే వస్తువు కాదు. కడిగితే పోతుందనుకుంటారు, వరదలో కడగడానికి నీళ్ళేవి? రెండేళ్ళు నిండని పిల్లాడున్న ఇల్లు. వద్దు.

గోదారి_గాలి
మాట వెనక్కి తీసుకుంటున్నా. బొద్దింకల మందులాంటిదే అనుకున్నా.

మస్కట్_సూర్యం
సిస్టర్ గారి మాట అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "మరి మీరందరూ ఎలా బతికారు" అంటోంది.

పీహెచ్‌సీ_సిస్టర్
అమ్మలందరి జవాబూ అదేనండి.

ప్రకృతి_సేద్యం
తెల్ల బియ్యం ఎందుకండి, దంపుడు బియ్యం పెట్టుకోండి. మామగారికి షుగరు అన్నారు కూడా.

కొట్టు_సత్తి
రోజూ తినడానికి భేషుగ్గా తినండి. నిలవకి మాత్రం పనికిరాదు. తవుడులో నూనె ఉంటుంది, ఆరు నెలలు తిరిగేసరికి ముక్కిపోయి వాసన కొడుతుంది. పాలిష్ పట్టిన బియ్యంలో ఆ తవుడు ఉండదు కాబట్టే ఏళ్ళ తరబడి ఆగుతుంది.

ప్రకృతి_సేద్యం
సారం తీసేస్తే ఏదైనా ఆగుతుంది లెండి.

వశిష్ఠ_గట్టు
ఇద్దరూ ఎందుకు కొట్టుకుంటారు. ధాన్యంగా ఉంచుకుంటే పొట్టే దానికి కాపలా. మా ఇంట్లో మార్టేరు స్వర్ణ ధాన్యం పాతబడే కొద్దీ అన్నం పొడిపొడిగా వస్తుంది. కాకపోతే వరదలో మిల్లుకెళ్ళలేవు, కాబట్టి పది రోజుల బియ్యం మాత్రం ముందే ఆడించి ఉంచుకో.

డల్లాస్_అల్లుడు
ఇక్కడ ఇంకో పద్ధతి ఉంది. అల్యూమినియం రేకు అతికించిన మందపాటి సంచుల్లో బియ్యం పోసి, ఆక్సిజన్ అబ్జార్బర్ పొట్లాలు వేసి, ఇస్త్రీపెట్టెతో మూతి అతికించేస్తారు. ప్రాణవాయువు లేక పురుగు, గుడ్డు అన్నీ చస్తాయి. ఇప్పుడు ఇండియాలో కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు, ఆ పొట్లం తినకపోతే చాలు.

కొట్టు_సత్తి
పంచదారలో మాత్రం వెయ్యకండి. ఇటుక అయిపోతుంది, సుత్తి తెచ్చుకోవాలి.

పీహెచ్‌సీ_సిస్టర్
తడి ఉన్న తిండిలో అసలు వద్దు. వండిన కూర, సగం ఎండిన చేప, ఉడికించిన పప్పు లాంటివి గాలి లేకుండా బిగిస్తే బొటులిజం అనే జబ్బు తెచ్చే విషం పుట్టే అవకాశం ఉంది, వాసనలో కూడా తెలియకపోవచ్చు. బాగా పొడిగా ఉన్న గింజలకే ఆ పద్ధతి.
ఇక అసలు ప్రశ్నకి వస్తాను. తిండి లేకుండా రెండు రోజులు ఉండొచ్చు, నీళ్ళు లేకుండా ఉండలేం. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకి నాలుగు లీటర్లు వేసుకోండి. ఆరుగురికి పది రోజులంటే 240 లీటర్లు. అన్నీ సీసాల్లో కొనక్కర్లేదు. హెచ్చరిక రాగానే కుళాయి నీళ్ళు శుభ్రమైన డ్రమ్ముల్లో పట్టి పైకి చేర్చండి. తర్వాత వానపడితే డాబా మీద పట్టుకోవచ్చు, మరిగించే తాగాలి. వరద మునిగిన బావి, బోరు నీళ్ళు క్లోరిన్ వెయ్యకుండా ముట్టుకోవద్దు. క్లోరిన్ మాత్రలు సీజను ముందే అడిగి తెచ్చుకోండి. పొట్లం మీద ఎన్ని లీటర్లకి ఒకటని రాసి ఉంటుంది, అలాగే వేసి అరగంట ఆగండి.
బాబుకి విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి. అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చిన్న చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. బాబు ఇంకా తల్లిపాలు తాగుతుంటే వరద అయ్యేదాకా మాన్పించకండి, అంతకంటే శుభ్రమైనది ఏ డబ్బాలోనూ లేదు.
మామగారి ఇన్సులిన్ గురించి ఎవరూ అడగలేదు. వాడుతున్న సీసా 30 డిగ్రీలు దాటని చోట దాదాపు నాలుగు వారాలు ఫ్రిజ్ లేకుండా ఆగుతుంది. పెద్ద మట్టికుండలో ఇసుక పోసి తడిపి, మధ్యలో చిన్న కుండ దించి, అందులో సీసా పెట్టి తడిగుడ్డ కప్పండి. పని చేస్తుంది. అసలు వరద హెచ్చరిక చూడగానే కనీసం నెల మందు ఇంట్లో ఉందో లేదో చూసుకోవడం ముఖ్యం. ఇన్సులిన్ వేసుకున్నాక తినడం ఆలస్యమైతే షుగరు పడిపోతుంది, కాబట్టి ఆయన దిండు కింద బెల్లం ముక్క ఉండాలి.

లంక_కోడలు
ఈ ఇన్సులిన్ మాట నాకు తట్టనే లేదు సిస్టర్ గారూ. మామగారు "దిండు కింద బెల్లం" అనేసరికి లేచి కూర్చున్నారు.

భీమవరం_బుల్లోడు
వరద రాకుండానే బెల్లం అయిపోతుంది చూడండి.

నరసాపురం_లేసు
సిస్టర్ గారూ, వరద నీళ్ళు తగిలిన పచ్చళ్ళ సంగతి చెప్పండి. మా ఇంట్లో ఇప్పటికీ తేలని తగువు. నీళ్ళు దిగాక చూస్తే ఆవకాయ జాడీ బురదలో నిలువునా నిలబడే ఉంది. వాసెన కట్టిన గుడ్డ మీద గోధుమరంగు గీత, అక్కడిదాకా నీళ్ళు వచ్చినట్టు గుర్తు. విప్పితే లోపల నూనె పైకి తేలి ఎర్రగా నిగనిగలాడుతోంది. మా అత్తగారు "నూనె ఉండగా నీళ్ళు దిగవు, ఉప్పు, ఆవపిండి, ఇంకేం పురుగు బతుకుతుంది" అని పట్టుబట్టారు.

పీహెచ్‌సీ_సిస్టర్
గుడ్డ తడిసిందంటే లోపలికి వెళ్ళినట్టే. వరద నీళ్ళంటే పశువుల పేడ, పాయిఖానా గుంటలు, పొలాల్లో కొట్టిన పురుగుమందు, అన్నీ కలిసిన నీళ్ళు. పురుగుమందుని ఉప్పు ఏమీ చెయ్యలేదు. తిప్పే మూతల సీసాలు కూడా అంతే, మూత అంచులోంచి దిగుతుంది. సొట్టలు, తుప్పు లేని సీలు రేకు డబ్బాలు మాత్రం సబ్బుతో కడిగి, క్లోరిన్ నీళ్ళలో ముంచి వాడుకోవచ్చు. మిగతావి పారెయ్యడమే.

నరసాపురం_లేసు
మా ఆయన రాత్రిపూట దొడ్లో గొయ్యి తీసి పాతేశారు. ఆవిడ ఇప్పటికీ నేను మా పుట్టింటికి పంపించేశాననే అనుకుంటున్నారు.

పెద్దమ్మ_వంటిల్లు
పోనీలే, పుట్టింటి వాళ్ళ ఆరోగ్యం బాగుంది.

మెకానిక్_రాజు
గ్యాసు సంగతి ఎవరూ చెప్పలేదు. నిండు సిలిండరు కూడా నీళ్ళలో తేలుతుంది. గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ సిలిండరు ఇంచుమించు 15, 16 కిలోలు, మొత్తం 30. దాని లోపలే 33 లీటర్లు పడుతుంది, అంటే అది తోసే నీరు దాని బరువు కంటే ఎక్కువ. తేలాల్సిందే. రెగ్యులేటరు తీసేసి, సేఫ్టీ క్యాప్ పెట్టి, కిటికీ ఊచకి గొలుసు కట్టండి. లేకపోతే పైపు తెగి గ్యాసు పోతుంది, సిలిండరు ఊరు దాటిపోతుంది. పైకి ఎక్కించగలిగితే గాలి ఆడే చోట నిలబెట్టే ఉంచాలి, పడుకోబెట్టకూడదు.

ముమ్మిడివరం_మాస్టారు
ఇంతసేపూ వరద గురించే మాట్లాడుతున్నారు. కోనసీమకి తుఫాను కూడా ఉంది, దాని లెక్క వేరు. 1996 నవంబరు 6 రాత్రి మా ఊళ్ళో ఉన్నాను. వరద మెల్లగా లేస్తుంది, తుఫాను ఒక్క రాత్రిలో పని ముగిస్తుంది. పొద్దున తలుపు తీస్తే తోట లేదు. లక్షల కొద్దీ కొబ్బరి చెట్లు పడిపోయాయి. రోడ్డుకడ్డంగా చెట్లు, వాటి మీద కరెంటు స్తంభాలు. నీళ్ళు లేవు కాబట్టి పడవా రాదు, దారి లేదు కాబట్టి లారీ రాదు. గొడ్డళ్ళు పట్టుకుని ఊరివాళ్ళే నరుక్కుంటూ వెళ్ళాలి.
మీరందరూ అటక, అటక అంటున్నారు. ఆ రాత్రి పెంకులు ముందు ఎగిరిపోయాయి, అటక మీదవన్నీ వానకి నానిపోయాయి. వరదకి ఎత్తు మంచిది, తుఫానుకి ఇంటి మధ్యగది మంచిది. లంక_కోడలు గారికి పైన శ్లాబు గది ఉంది కాబట్టి రెండూ అక్కడే కుదురుతాయి. పెంకుటింటి వాళ్ళు మాత్రం హెచ్చరిక దేనిదో చూసుకుని సరుకు మార్చుకోవాలి. కదపడానికి వీలుగా చిన్న డబ్బాల్లో పెట్టమనేది అందుకే. పెద్ద డ్రమ్ము ఎవరూ ఎత్తలేరు.

అంబాజీపేట_కాయ
నిజం మాస్టారూ. ఆ ఏడు పడిన చెట్ల బదులు పెట్టిన మొక్కలే మా నాన్న తోటలో ఇప్పుడు కాపు మీదున్నవి.

కూలి_రేవు
చదువుతున్నాను గానీ నాకు నవ్వొస్తోంది. పది రోజుల సరుకు ముందే కొనేవాడికి వరద ఏం చేస్తుంది? మాది రేకుల ఇల్లు, పైగది లేదు. పని ఉన్న రోజు బియ్యం, లేని రోజు అప్పు. వరద వస్తే పనీ ఉండదు, అప్పూ పుట్టదు. మాలాంటివాళ్ళకి చెప్పండి.

గోదారి_గాలి
ప్రభుత్వం ఇస్తుంది కదా. పునరావాస కేంద్రాల్లో భోజనాలు కూడా పెడతారు.

కూలి_రేవు
పెడతారు. మొదటి రోజు పడవ రావాలి కదా, అప్పటిదాకా పిల్లలకి ఏం పెట్టాలన్నదే నా మాట.

వశిష్ఠ_గట్టు
బాబాయ్ అడిగిన మాట న్యాయమైనది. మా వీధిలో చేసేది చెప్తాను. డ్వాక్రా సంఘం ఆడవాళ్ళు మే నెల నుంచి వారానికి ఇంటికో రెండు గిద్దెల బియ్యం, గుప్పెడు పప్పు తీసి ఒక్కచోట పోస్తారు. వీధిలో ఎవరి డాబా గట్టిగా ఉంటే వాళ్ళ పైగదిలో డబ్బాలు. వరద వస్తే అక్కడే ఒకే పొయ్యి, అందరికీ గంజి. రాకపోతే దసరాకి లెక్క కట్టి ఎవరిది వాళ్ళకి ఇచ్చేస్తారు. రేషన్ బియ్యమే పోస్తారు, అందులో తప్పేం లేదు.

కూలి_రేవు
ఈ పద్ధతి బాగుంది. ఆ డాబా వాళ్ళు అప్పుడు తలుపు తీస్తారంటారా?

వశిష్ఠ_గట్టు
బియ్యం అందరిదీ వాళ్ళింట్లోనే ఉంటే తీయక ఏం చేస్తారు.

మస్కట్_సూర్యం
2020 లాక్‌డౌన్‌లో చూశాం, ఒక్కొక్కడు బండి నిండా సరుకు కొనేసి మిగతావాళ్ళకి లేకుండా చేశాడు. ఇలాంటి చర్చలు చదివి మళ్ళీ అదే పని మొదలెడతారు.

కొట్టు_సత్తి
వరద హెచ్చరిక వచ్చాక కొట్టు మీద పడితే అలాగే అవుతుంది. ఏప్రిల్, మేలో మామూలు రోజుల్లో కాస్త కాస్త కొనుక్కుంటే ఎవరికీ తగ్గదు, ధరా పెరగదు. నిజం చెప్పాలంటే హెచ్చరిక రోజున నాకు లాభమే, కానీ ఆ రోజు జనాన్ని సముదాయించలేక చస్తాను.

లంక_కోడలు
అత్తగారూ నేనూ కూర్చుని రాసుకుంటున్నాం. ఆవిడ పచ్చళ్ళు, వడియాలు, కురిడీ చూసుకుంటారట, నాకు నీళ్ళు, మందులు, క్లోరిన్ వదిలేశారు. పాతికేళ్ళ కిట్ కొనడం లేదు. ఒక్క అనుమానం మిగిలింది. 2022లో నీళ్ళు ఎక్కేసరికి ఊళ్ళో ఎలకలన్నీ మా పైగదిలోకే వచ్చాయి. ప్లాస్టిక్ డబ్బాల మూతలు కొరికేశాయి. పాము కూడా ఒకటి వచ్చింది, దాని సంగతి మా ఆయన చూసుకున్నారు. ఎలకలకి ఏం చెయ్యాలి?

భీమవరం_బుల్లోడు
పాముని ఉంచుకోవాల్సింది.

కొట్టు_సత్తి
ప్లాస్టిక్ ఎలకకి లెక్క కాదు. 15 కిలోల నూనె రేకు డబ్బాలు ఉంటాయి చూడండి, పైభాగం కోయించి బిగుతు మూత పెట్టించండి, రేకు పని చేసేవాళ్ళు అంచు మడిచి ఇస్తారు. వేడినీళ్ళు, సబ్బుతో జిడ్డు పోయేదాకా కడిగి రెండు ఎండలు చూపించండి. ఒక్కో దాంట్లో పది కిలోల పైనే బియ్యం పడుతుంది, ఆడవాళ్ళు కూడా ఎత్తగలరు. నేల మీద కాకుండా రెండు ఇటుకల మీద పలక వేసి, గోడకి జానెడు ఎడంగా పెట్టండి, గోడ చెమ్మ తగలదు.

లంక_కోడలు
అలాంటి డబ్బాలు ఎక్కడ దొరుకుతాయండి?

కొట్టు_సత్తి
ఏ మిఠాయి కొట్టు వెనక చూసినా గుట్టలుగా ఉంటాయి. పాత సామాను వాడికి వేసే ముందు అడగండి, అదే రేటుకి ఇచ్చేస్తారు. తుప్పు పట్టినవి, పెయింటు, పురుగుమందు పోసినవి మాత్రం తీసుకోకండి, వాసన చూస్తే తెలిసిపోతుంది.

పెద్దమ్మ_వంటిల్లు
మూత మీద నెల రాసి అంటించు అమ్మా. మా ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో నాకొక్కదానికే తెలుసు, నేను ఊరెళ్తే వీళ్ళు ఆవపిండితో ఉప్మా చేస్తారు.